ఉప్పు కడుక్కున్న సీమ

దివిసీమలో పెద్దవాళ్లను వయసెంతని అడిగితే పుట్టిన సంవత్సరం చెప్పరు. 'ఉప్పెన నాటికి పదేళ్లుంటాయి' అంటారు. పెళ్లెప్పుడైందంటే 'ఉప్పెనొచ్చిన మూడో ఏడు'. ఇల్లెప్పుడు కట్టారంటే 'ఉప్పెన తర్వాత గవర్నమెంటోళ్లు ఇచ్చిందే, పైన గది మావాడేశాడు'. ఇక్కడి క్యాలెండరు రెండు ముక్కలు. మధ్యలో ఒకే ఒక్క రోజు... 1977 నవంబర్ 19, శనివారం.

ఆ రోజు గురించి తెలుగువాళ్లు చాలా చదివారు, విన్నారు. ఏటా నవంబర్ వచ్చిందంటే పేపర్లలో పాత ఫొటోలు కనిపిస్తాయి. అవనిగడ్డలో, చుట్టుపక్కల ఊళ్లలో నివాళులర్పిస్తారు. మరి ఆ మర్నాడు? ఆ మర్నాటి నుంచి దాదాపు అర్ధ శతాబ్దం పాటు అదే నేల మీద, అదే సముద్రం పక్కన ఎలా బతికారు? ఎందుకు వదిలేసి పోలేదు? దివిసీమకు వెళ్లి చూడాల్సింది ఆ సంగతే.

విజయవాడ నుంచి బందరు రోడ్డు పట్టుకుని ఉయ్యూరు మీదుగా పామర్రు చేరి, అక్కడ కుడివైపు తిరిగితే కూచిపూడి, చల్లపల్లి, మోపిదేవి వరసగా వస్తాయి. మోపిదేవి సుబ్రహ్మణ్యేశ్వరుడి దర్శనానికి వచ్చే కార్లు ఎక్కువగా అక్కడే ఆగి వెనక్కి తిరిగిపోతాయి. ఇంకొంచెం ముందుకెళితే పులిగడ్డ. కృష్ణమ్మ రెండుగా చీలేది ఇక్కడే. పెద్దపాయ రేపల్లె వైపు ఒరుసుకుంటూ దక్షిణానికి పోతుంది. చిన్నపాయ అవనిగడ్డ పక్కనుంచి హంసలదీవి దారి పడుతుంది. రెండు పాయలకూ, సముద్రానికీ నడుమ చిక్కిన నేల దివిసీమ. దివి అంటే దీవే. అవనిగడ్డ, నాగాయలంక, కోడూరు మండలాలు దాని గుండెకాయ.

పులిగడ్డలో ఓ చూడముచ్చటైన కట్టడం ఉంది. కింద నది, పైన కాలువ! అక్విడక్టు అంటారు. నది పాయ మీద తొట్టిలా కట్టి, అందులోంచి సాగునీటి కాలువను అవతలి గట్టుకు దాటించారు. కింద నది ఉండగా పైన కాలువెందుకు అనిపిస్తుంది కొత్తవాళ్లకు. ప్రకాశం బ్యారేజీ నుంచి నీళ్లు వదలని రోజుల్లో సముద్రపు పోటు నది పాయల్లోకి ఎగదన్నుతుంది. అప్పుడు నదిలో ఉన్నది తాగేందుకూ పనికిరాదు, పైరుకూ పనికిరాదు. నెత్తిమీద నుంచి వచ్చే ఆ తీపినీళ్లే దివిసీమకు ప్రాణం. ఈ ఒక్క సంగతి గుర్తుంచుకుంటే మిగతా కథంతా సులువుగా అర్థమవుతుంది.

ఆ సాయంత్రం

అవనిగడ్డ దాటి దక్షిణానికి వెళ్లేకొద్దీ నేల పళ్లెంలా పరుచుకుంటుంది. ఎటు చూసినా ఎత్తన్నది లేదు. సముద్రం దగ్గరపడే సరికి నేలమట్టం కడలి కంటే ఒకటి రెండు మీటర్లు ఎత్తుంటే గొప్ప. అలాంటి నేల మీదికి దాదాపు అయిదు మీటర్ల ఎత్తున నీళ్లొచ్చాయి ఆ రోజు.

వారం ముందు, నవంబర్ 12న ఓ తుపాను తమిళనాడులో నాగపట్నం దగ్గర తీరం దాటింది. దాని వెనకే బంగాళాఖాతంలో ఇంకొకటి పుట్టింది. రేడియోలో హెచ్చరికలు చెప్పారు. కానీ ఆ రోజుల్లో లంక గ్రామాల్లో రేడియో ఉన్న ఇళ్లెన్ని? విన్నవాళ్లకైనా వెళ్లడానికి చోటేదీ? ఊరంతా తాటాకు పాకలు, మట్టి గోడలు. గట్టి కప్పంటే గుడీ, బడీ, ఒకటో రెండో డాబాలూ.

తుపాను తీరం దాటింది చీరాల దగ్గర. ముంచింది దివిసీమను. ఇందులో మాయ లేదు. బంగాళాఖాతపు తుపాన్లలో గాలి గడియారం ముల్లుకు ఎదురు దిశలో తిరుగుతుంది. అంటే తుపాను కన్నుకు కుడిచేతి వైపున్న తీరం మీదికి సముద్రం నుంచి నేలకు గాలి తోస్తుంది. ఆ గాలి గంటకు 200 కిలోమీటర్లు దాటి వీస్తుంటే, కింద లోతు తక్కువ సముద్రం ఉంటే, నీరు ఎటూ పోలేక పోగుపడి గోడలా లేస్తుంది. ఉప్పెన అంటే అదే. చీరాలకు కుడివైపున ఉన్నది దివిసీమ. ఆ నీరు పది పదిహేను కిలోమీటర్ల లోపలికి నడిచింది.

పెద్దవాళ్లు 'తాటిచెట్టంత అల' అంటారు. కొలిచిన వాళ్లెవరున్నారు గనక! ముళ్ల తుమ్మచెట్లను కావలించుకుని తెల్లార్లూ ప్రాణాలు నిలుపుకున్న వాళ్లున్నారు. సొర్లగొంది, పాలకాయతిప్ప లాంటి ఊళ్లు దాదాపు తుడిచిపెట్టుకుపోయాయి. ప్రభుత్వ లెక్కలో చనిపోయినవారు 10 వేల వరకూ. నిజంగా పోయిన వాళ్లు అంతకన్నా చాలా ఎక్కువన్నది దివిసీమ మాట. టెలిఫోను, తంతి తీగలన్నీ తెగిపోవడంతో ఎంత నష్టం జరిగిందో బయటి ప్రపంచానికి తెలిసేసరికే ఆలస్యమైపోయింది.

ఆ తర్వాత రాష్ట్రమంతా కదిలింది. ఎన్టీఆర్, ఏఎన్నార్ కలిసి జోలె పట్టి ఊరూరా తిరిగారు. మదర్ థెరిసా వచ్చారు. స్థానిక నాయకుడు, అప్పటి మంత్రి మండలి వెంకట కృష్ణారావు సహాయ పనుల్లో తలమునకలయ్యారు. రామకృష్ణ మిషన్, చర్చి సంస్థలు, స్వచ్ఛంద సంస్థలు, పత్రికల సహాయనిధులు... ఎవరికి తోచిన సాయం వాళ్లు చేశారు. కాలేజీ కుర్రాళ్లు వచ్చి శవాలు ఎత్తారు. అది చిన్న సంగతి కాదు. ఆ మాట చెబుతూ ఇప్పటికీ దివిసీమ పెద్దలు చేతులు జోడిస్తారు.

కానీ సాయం చేయడానికి వచ్చినవాళ్లు ఏదో ఒకరోజు వెళ్లిపోతారు. వెళ్లారు కూడా. పొలంలో ఉప్పు మాత్రం వెళ్లలేదు.

ఏళ్లు పట్టిన పని

సముద్రపు నీరు రెండు మూడు రోజుల్లో వెనక్కి తీసింది. ఎండ కాయగానే నేల మీద తెల్లటి పొర తేలింది. ఊరి చెరువుల్లో నీళ్లు ఉప్పు కషాయం. గడ్డి మాడిపోయింది. మిగిలిన ఒకటీ అరా గొడ్డుకు మేత లేదు. చేతికొచ్చిన వరి ఎలాగూ పోయింది. అసలు ప్రశ్న, మళ్లీ ఏనాటికైనా అక్కడ వరి పండుతుందా అని.

ఉప్పు పట్టిన పొలాన్ని బాగుచేసుకునే తీరు వినడానికి తేలికే. పొలం చుట్టూ గట్లు ఎత్తుగా వేయాలి. కాలువ నుంచి తీపినీళ్లు పెట్టి నిలవగట్టాలి. కొన్ని రోజులకు ఉప్పు ఆ నీళ్లలోకి దిగుతుంది. గండి కొట్టి మురుగు కాలువలోకి వదిలేయాలి. మళ్లీ నీళ్లు పెట్టాలి. మళ్లీ వదిలేయాలి. బట్టలు జాడించినట్టు నేలను జాడించాలన్నమాట! ఒక్క విడతతో అయ్యేది కాదు. వానాకాలం మొత్తం కురిసిన వాన కూడా ఈ పనికి తోడవ్వాలి.

అక్కడితో అయిందా అంటే, లేదు. వేసవిలో పొలం బీడుగా వదిలేస్తే అడుగునున్న ఉప్పు తడితోపాటు పైకి పాకి మళ్లీ తెల్లగా పొంగుతుంది. అందుకే ఉప్పును ఓర్చుకునే జీలుగ చల్లి, పూతకొచ్చే వేళకు దాన్ని నేలలోనే కలియదున్నుతారు. అది కుళ్లి మట్టి గుల్లబారితే నీళ్లు కిందికి దిగి ఉప్పును లాక్కుపోతాయి. నేల మరీ బిగుసుకుపోయి చౌడుబారిన చోట జిప్సం వేయాలి. అన్నిటికన్నా ముఖ్యం మురుగు కాలువ. అది పూడిపోతే కడిగిన ఉప్పు ఎక్కడికీ పోదు. పక్కవాడి పొలంలోకి పోతుంది, లేదంటే మన పొలంలోనే ఉంటుంది. అంటే ఒక్క రైతు ఎంత కష్టపడినా సరిపోదు. ఆయకట్టు మొత్తం కలిసి డ్రెయిను తవ్వుకోవాలి.

ఇంత చేసినా మొదటి పంట ఎలా ఉంటుందో తెలుసా? పొలంలో అక్కడక్కడా పచ్చగా, మధ్యమధ్యలో బట్టతలలా ఖాళీగా ఉంటుంది. ఆ ఖాళీలు ఏటికేడు కుంచించుకుపోవాలి. నిన్నటికీ నేటికీ తేడా కనపడని పని ఇది. ఇంటి మనుషుల్ని పోగొట్టుకున్న వాడు ఆ పని చేయడమంటే ఎలా ఉంటుందో ఊహించాల్సిందే. కాలువ నీటి వంతు వచ్చిందంటే అర్ధరాత్రయినా లేచి వెళ్లాలి. దుఃఖంలో ఉన్నానంటే వంతు ఆగదు. ఆ వంతే చాలామందిని మంచం మీంచి లేపింది అనుకోవాలి.

చెరువుల పనీ అంతే. ఉప్పు నీళ్లు తోడి పోయడం, అడుగు మట్టి ఎత్తడం, కాలువ నీళ్లతో నింపడం. అందాకా ఆడవాళ్లు బిందెలు పట్టుకుని ఎంతెంత దూరం నడిచారో లెక్క లేదు. ఉప్పెన గురించి మాట్లాడేటప్పుడు మగవాళ్లు పొలం సంగతి ముందు చెబుతారు. ఆడవాళ్లకు ముందు గుర్తొచ్చేది మంచినీళ్లు.

ఇప్పుడు ఆశ్వయుజంలో కోడూరు వైపు వెళితే రోడ్డుకు రెండు పక్కలా కనుచూపు మేర వరి. ఇక్కడ ఒకప్పుడు ఉప్పు తేలిందంటే కొత్తవాళ్లు నమ్మరు. నిజానికి ఆ ఉప్పు ఎక్కడికీ పోలేదు. కాలువ చివరి ఊళ్లకు నీళ్లు సరిగా రాని ఏడాది మళ్లీ తలెత్తుతుంది. శివారు ఆయకట్టు రైతులు నీళ్ల కోసం ఎందుకంత గొడవ పడతారో పైనున్న వాళ్లకు అర్థం కాకపోవచ్చు. వాళ్లకు నీళ్లు పంటకే కాదు, కడగడానికి కూడా!

మూటా ముల్లె సర్దుకుని...

1977 తర్వాత తీరంలో కొత్త రకం కట్టడాలు లేచాయి. తుపాను షెల్టర్లు. కింద ఎత్తయిన స్తంభాలు, పైన విశాలమైన హాలు. కింద నుంచి నీళ్లు పోయినా పైన జనం భద్రంగా ఉండాలని ఆ ఏర్పాటు. ప్రభుత్వం కట్టింది, కాసా లాంటి స్వచ్ఛంద సంస్థలూ కట్టాయి. ఎప్పుడో వచ్చే తుపాను కోసం భవనం ఖాళీగా పడుంటే పాడైపోతుందని చాలాచోట్ల వాటిలోనే బడి పెట్టారు. తెలివైన పని. పిల్లలు రోజూ ఎక్కే మెట్లే కాబట్టి, చీకట్లో, గాలివానలో కూడా దారి తప్పరు. తీరం వెంట సరుగుడు తోటలు వేశారు. పాకల స్థానంలో కాలనీ ఇళ్లు వచ్చాయి.

అసలు పరీక్ష 1990లో ఎదురైంది. ఆ ఏడాది మే 9న మరో భీకర తుపాను కృష్ణా ముఖద్వారం దగ్గర తీరాన్ని తాకింది. 1977 నాటిదానితో పోల్చదగ్గ బలం. ఈసారి రాష్ట్రంలో ఆరున్నర లక్షల మందిని ముందే ఖాళీ చేయించారు. పైర్లు పోయాయి, ఇళ్లు పడ్డాయి, కోట్ల ఆస్తి మట్టిలో కలిసింది. ప్రాణనష్టం రాష్ట్రం మొత్తమ్మీద 967. అదీ తక్కువేం కాదు. కానీ పదమూడేళ్ల కిందటి లెక్క పక్కన పెట్టి చూస్తే ఆ తేడా విలువ తెలుస్తుంది. ఉపగ్రహాలు, రాడార్లు, వైర్‌లెస్ సెట్లు... అన్నీ పనిచేశాయి. కానీ వాటన్నిటి చివర, ఇంటికి తాళం వేసి నడిచి వెళ్లాల్సింది మనిషే.

అది ఎంత కష్టమో సిటీల్లో ఉన్నవాళ్లకు తెలియదు. 'ప్రాణం కన్నా ఎక్కువా? వెళ్లొచ్చుగా' అనేస్తాం. పాడిగేదెను ఏం చేయాలి? కట్టేసి వెళ్తే ఉరేసినట్టే. వదిలేసి వెళ్తే ఎక్కడ వెతకాలి? మత్స్యకారుడికి వల ఉంటుంది, పడవ ఉంటుంది, వాటి మీద అప్పుంటుంది. ఇంట్లో నాలుగు బస్తాల ధాన్యం, ఆడపిల్ల పెళ్లికి దాచిన నగ. ఇవన్నీ వదిలి, ముసలివాళ్లను పట్టుకుని, చంటిబిడ్డ పాలసీసాతో షెల్టర్‌కు వెళ్లి, వందలమంది మధ్య ఒక చాప మీద రెండు రాత్రులు గడపాలి.

పోనీ వెళ్లారు. తీరా చూస్తే తుపాను రాలేదు. అప్పుడు?

2013 నవంబర్ అలాంటిదే. ఆ నెల 22న హెలెన్ తుపాను మచిలీపట్నానికి దక్షిణంగా తీరం దాటింది. ఇళ్లకు చేరి బురద ఎత్తిపోసుకుంటుండగానే 'లెహర్' వస్తోందన్నారు. సముద్రంలో ఉండగా అది హెలెన్ కన్నా బలమైనది. మళ్లీ మైకులు, మళ్లీ బస్సులు, మళ్లీ మూటలు. తీరా నవంబర్ 28న మచిలీపట్నం దగ్గరికి వచ్చేసరికి లెహర్ నీరసించి వాయుగుండంగా మిగిలింది. వారం రోజుల్లో రెండుసార్లు ఇల్లు వదిలిన మనిషికి ఏమనిపిస్తుంది? మూడోసారి మైకు వినపడితే 'చూద్దాంలే' అనిపించదూ?

ఓర్పుకు అసలైన పరీక్ష ఇదే. ఉప్పెన వచ్చినప్పుడు తట్టుకోవడం వేరు. రాని ఉప్పెన కోసం పదిసార్లు వెళ్లొచ్చి, పదకొండోసారీ తిట్టుకోకుండా కాకపోయినా, తిట్టుకుంటూనైనా మెట్లెక్కడం వేరు. వాతావరణ శాఖ వాళ్లు ఎంత బాగా చెప్పినా తుపాను చివరి గంటల్లో బలపడొచ్చు, నీరసించొచ్చు. పదిసార్లు అనవసరంగా వెళితేగానీ ఒకసారి అవసరానికి వెళ్లినట్టవదు. వేరే దారి లేదు.

ఇళ్లల్లో ఈ విషయమ్మీద జరిగే వాదన వింటే కొంచెం నవ్వొస్తుంది కూడా. ఊళ్లో మైకు చాటింపు వినపడగానే పాత ట్రంకుపెట్టె తెరిచి పట్టాదారు పుస్తకం, రేషన్ కార్డు, మనవడి సర్టిఫికెట్లు ప్లాస్టిక్ కవరులో చుట్టేది నాయనమ్మ. 'మొన్నా ఇలాగే చెప్పారు నాయనమ్మా, ఏమొచ్చింది?' అని సెల్‌ఫోన్లో తుపాను బొమ్మ చూపించేది మనవడు. 'ఏం రాకపోతే మంచిదేగా, అన్నం అక్కడ పెడతార్లే పద' అని ఆవిడ సమాధానం. ఉప్పెన చూసిన కళ్లకూ చూడని కళ్లకూ తేడా అది.

ఆ చూసిన కళ్లు ఏటికేడు తగ్గిపోతున్నాయి. ఆనాడు కట్టిన షెల్టర్లకూ వయసైపోయింది. ఉప్పుగాలికి లోపలి ఇనుము తుప్పు పట్టి పెచ్చులూడి, ఇక పనికిరావని వదిలేసినవి ఎన్నో. ప్రపంచ బ్యాంకు సాయంతో 2011 తర్వాత చేపట్టిన జాతీయ తుపాను ముప్పు నివారణ పథకంలో కొత్తవి వచ్చాయి. అయినా ఏ ఊరికి ఆ ఊరు, తమ షెల్టర్ తాళం ఎవరి దగ్గరుందో, పైన కుళాయి వస్తోందో లేదో వానాకాలానికి ముందే చూసుకోవాలి. తీరా గాలి మొదలయ్యాక తాళంచెవి వెతుక్కుంటే ఏం లాభం?

నది చేసిన గాయం, రొయ్య చేసిన గాయం

దివిసీమకు కష్టం సముద్రం వైపు నుంచే రావాలని లేదు. 2009 అక్టోబర్‌లో కృష్ణకు దాదాపు 11 లక్షల క్యూసెక్కుల వరద వచ్చింది. కరకట్టల మీద ఇసుక బస్తాలేస్తూ జనం రాత్రుళ్లు కాపలా కాశారు. అంత వరద ఇక రాదనుకున్నారు. 2024 సెప్టెంబర్‌లో ప్రకాశం బ్యారేజీ దగ్గర 11.43 లక్షల క్యూసెక్కులతో ఆ రికార్డూ పోయింది. దిగువన లంకలన్నీ నీళ్లలోనే.

మనిషి తెచ్చుకున్న కష్టం ఇంకోటి. 1990ల మొదట్లో నాగాయలంక, కోడూరు వైపు రొయ్యల చెరువులు పుట్టగొడుగుల్లా లేచాయి. ఉప్పునీళ్లను వదిలించుకోవడానికి తండ్రులు పడిన పాట్లు చూసిన కొడుకులే, ఆ ఉప్పునీళ్లను పొలంలోకి పిలిచారు! డబ్బు కళ్లజూశారు కూడా. అంతలో తెల్లమచ్చల వైరస్ వచ్చి తీరమంతా రొయ్యను తుడిచేసింది. కొందరు అప్పుల్లో మునిగారు. దశాబ్దంన్నర తర్వాత వనామీ రొయ్యతో మళ్లీ చెరువులు కళకళలాడాయి. పీతల పెంపకం కూడా పెరిగింది. లాభం వచ్చినా, చెరువు పక్కనున్న వరి రైతుకు మాత్రం ఉప్పు భయం మళ్లీ మొదలైంది. ఇన్నేళ్లు కష్టపడి కడిగిన నేల పక్కన ఉప్పు చెరువు తవ్వడం ఎంతవరకు సబబో దివిసీమ తేల్చుకోవాల్సిన లెక్క.

హంసలదీవి దాకా

చూడ్డానికి వెళ్లేవాళ్లు హంసలదీవి చేరకుండా వెనక్కి రాకూడదు. అక్కడ వేణుగోపాలస్వామి గుడి ప్రాచీనమైనది. పాపాలు మోసి నల్లబడి కాకి రూపంలో వచ్చిన గంగమ్మ ఇక్కడ మునిగి హంసగా మారిందని స్థలపురాణం. మాఘ పౌర్ణమికి సాగర సంగమంలో స్నానాలకు జనం పోటెత్తుతారు. గుడి నుంచి నాలుగైదు కిలోమీటర్లు పోతే పాలకాయతిప్ప బీచి, అక్కడినుంచి ఇసుక మీదుగా సంగమం. ఉప్పెనలో దెబ్బతిన్న ఆ తీరంలోనే ఇప్పుడు ఆదివారాల్లో పిల్లలు గాలిపటాలు ఎగరేస్తుంటారు.

అటుపక్క మడ అడవి. కృష్ణా అభయారణ్యం అదే. బురదలోంచి పెన్సిళ్లు గుచ్చినట్టు పైకి పొడుచుకొచ్చిన వేళ్లు, వాటి మధ్య పీతలు, ఎక్కడో దాక్కున్న బావురుపిల్లి. ఉప్పునీళ్లలో పుట్టి, ఉప్పునే ఆకుల్లోంచి బయటికి నెట్టేస్తూ బతికే మొక్కలవి. అల వస్తే వేగం తగ్గించే మొదటి గోడ కూడా అవే. వంటచెరకు కోసం, చెరువుల కోసం నరికి పారేసిన చోట ఇప్పుడు అటవీశాఖ కాలువలు తవ్వి మళ్లీ మడ నాటిస్తోంది. పోటు నీళ్లు వచ్చిపోయే దారి ఉంటేనే ఆ మొక్క బతుకుతుంది.

నాగాయలంక దగ్గర నది అందం వేరు. అక్కడినుంచి ఇంకా కిందికి వెళితే ఏటిమొగ. అవతలి గట్టున ఎదురుమొండి దీవులు. ఆ ఊళ్ల జనానికి దశాబ్దాలుగా పంటూ పడవలే ఆధారం. బైకులూ, బియ్యం బస్తాలూ, కొత్త పెళ్లికూతురూ అన్నీ దాని మీదే దాటాలి. నిండు గర్భిణికి నొప్పులొచ్చిన రాత్రి గాలివాన ఉంటే? వంతెన కావాలని వాళ్లు ఎన్నేళ్లుగా అడుగుతున్నారో! 2025 మేలో ఈ నాగాయలంక ప్రాంతంలోనే క్షిపణి పరీక్ష కేంద్రానికి ప్రధాని శంకుస్థాపన చేశారు. ఉప్పెనకు పేరుపడిన చోటు ఇకముందు ఇంకో పేరుతోనూ పేపర్లకెక్కుతుంది.

వెళ్లడానికి మంచి కాలం డిసెంబర్ నుంచి ఫిబ్రవరి. అవనిగడ్డలో ఉండి కోడూరు, హంసలదీవి ఒకరోజు, నాగాయలంక ఒకరోజు చూసుకోవచ్చు. రేపల్లె నుంచి వచ్చేవాళ్లకు పెనుమూడి-పులిగడ్డ వంతెన దగ్గరి దారి. తీరంలో లోతు తెలియని చోట స్నానానికి దిగొద్దని స్థానికులు చెబితే వినాలి.

అయితే దివిసీమ అసలు రూపు చూడాలంటే నవంబర్ చివర్లో వెళ్లాలి. ఇక్కడి చిక్కంతా క్యాలెండరులోనే ఉంది. సార్వా వరి కోతకొచ్చేదీ, బంగాళాఖాతంలో తుపాన్లు పుట్టేదీ ఒకే కాలంలో. 1977లో అదే జరిగింది. 2013లో అంతే. 2023 డిసెంబర్ 5న మిచౌంగ్ బాపట్ల దగ్గర తీరం దాటింది. 2025 అక్టోబర్ 28 రాత్రి మొంథా నరసాపురం దగ్గర దాటితే కృష్ణా జిల్లాలో పొట్ట మీదున్న వరి నేలకొరిగింది. పడిపోయిన దుబ్బుల్ని నాలుగేసి కలిపి నిలబెట్టి కట్టడం ఈ రైతులకు కొత్త విద్యేం కాదు.

కోతకు రెండు మూడు రోజుల ముందు రైతు చేనులోకి దిగుతాడు. వరి ఇంకా నిలబడే ఉంటుంది. నేలలో కాస్త తడి ఉంటుంది. నడుముకు కట్టుకున్న గోతంలోంచి మినుములు తీసి, వరి మీదుగానే గుప్పిళ్లతో చల్లుకుంటూ పోతాడు. వరి కోసేనాటికి అడుగున మినుము మొలకెత్తి ఉంటుంది. దున్నడం లేదు, నీళ్లు పెట్టడం లేదు, మంచుకే పండుతుంది. ఈలోపు వాన పడితే గింజ కుళ్లుతుంది, మళ్లీ చల్లాలి. ఇంట్లో విత్తనాలు ఇంకో దఫాకు సరిపడా పక్కన పెట్టే ఉంచుతారు. సముద్రం వైపు మబ్బు పట్టి ఉంటే ఒకసారి తలెత్తి అటు చూస్తాడు. గుప్పిట్లో ఉన్నవి చల్లేసి, ఇంకో గుప్పెడు తీసుకుంటాడు.